గుమ్మ దారిలో ఎరుపెక్కిన సీరం: కోళ్ళ ఒత్తిడి ప్రోటీను కిట్లతో ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 24, పర్లాకిమిడి

ఎదురుచూసిన కిట్లు మూడూ ఈ రోజు చేతికందాయి. మేము ఉండేది ఒడిశాలోని గజపతి జిల్లా అయినా భువనేశ్వర్ కన్నా విశాఖపట్నమే మాకు దగ్గర. అందుకని సరిహద్దుకు ఆవల పాతపట్నంలో ఉన్న మా చిన్నాన్న ఇంటి చిరునామా ఇచ్చి, ఐసు పెట్టెను స్కూటరు మీద తెచ్చుకున్నాను. విప్పేసరికి లోపలి జెల్ సంచులు సగం కరిగినా చల్లదనం పోలేదు. ప్లేట్లనూ ప్రతిరక్షకాల (ఒక్కో అణువును వెతికి పట్టుకునే ప్రోటీన్ల) సీసాలనూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే అరలో సర్ది, లాటు నంబర్లనూ గడువు తేదీలనూ ఈ నోటుపుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించాను.

పని ఏమిటో ఒకసారి రాసిపెట్టుకుంటాను. ఎండాకాలంలో రేకుల కప్పు కింద పెరిగే పెట్టల రక్తంలోనూ, తాటాకు కప్పు కింద పెరిగే పెట్టల రక్తంలోనూ హెచ్‌ఎస్‌పీ-70 అనే ప్రోటీను ఎంతెంత ఉందో కొలిచి పోల్చాలి. ఒళ్ళు మరీ వేడెక్కినప్పుడు కణాలలోని ప్రోటీన్ల మడతలు విడిపోతాయి. వాటిని పట్టుకుని మళ్ళీ సరైన మడత పడేటట్లు చూడడం దీని పని. దీని అణుభారం సుమారు 70 కిలోడాల్టన్లు, పేరులోని అంకె అక్కడిదే. 1962లో ఫెరుచియో రిటోసా అనే ఇటలీ శాస్త్రవేత్త పండ్ల ఈగల లాలాజల గ్రంథులను పరిశీలిస్తుండగా, ఇంక్యుబేటరు వేడి అనుకోకుండా పెరగడంతో క్రోమోజోముల మీద కొత్త ఉబ్బులు కనిపించాయి. ఈ ప్రోటీన్ల కథ అలా మొదలైంది. మా ప్రయోగశాలలోనూ ఇంక్యుబేటరు వేడి వారానికి రెండుసార్లు అనుకోకుండా మారుతూనే ఉంటుంది గాని, ఇంతవరకు దానివల్ల ఏ విశేషమూ బయటపడలేదు.

మూడు కిట్లలో రెండు హెచ్‌ఎస్‌పీ-70వి, ఒకటి కార్టికోస్టిరోను అనే ఒత్తిడి హార్మోనుది. అన్నీ ప్రతిరక్షకాలతో పట్టి రంగుతో కొలిచే ఎలైజా పద్ధతివే, అంటే 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్‌లు ప్రకటించిన పద్ధతికి వారసులే. హెచ్‌ఎస్‌పీ కిట్టులో ప్లేటులోని ఒక్కొక్క గుంట అడుగున ఒక ప్రతిరక్షకం ముందే అంటించి ఉంటుంది. సీరంలోని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలోని ప్రోటీను దానికి చిక్కుతుంది. బయోటిన్ అనే చిన్న అణువును తగిలించిన రెండవ ప్రతిరక్షకం వచ్చి అదే ప్రోటీనును మరో వైపు నుంచి పట్టుకుంటుంది. ఆ బయోటిన్‌కు ఎంజైము మోసుకువచ్చే స్ట్రెప్టావిడిన్ అతుక్కుంటుంది. చివర టీఎంబీ అనే రంగుమందు పోస్తే నీలం వస్తుంది, ఆమ్లం పోయగానే అది పసుపుగా మారుతుంది. ఆ రంగును 450 నానోమీటర్ల కాంతి దగ్గర చదవాలి. ప్రోటీను ఎంత ఎక్కువైతే పసుపు అంత చిక్కన. కార్టికోస్టిరోను మరీ చిన్న అణువు కావడం వల్ల రెండు ప్రతిరక్షకాలు ఒకేసారి పట్టుకునే చోటు దానిమీద లేదు. అందువల్ల దాని కిట్టు పోటీ పద్ధతిది, లెక్క తలకిందులు: హార్మోను ఎక్కువైన కొద్దీ రంగు పలచబడుతుంది. మనుషుల కార్టిసోల్ కిట్టుతో పని కానిచ్చేయవచ్చు గదా అని ఒక మిత్రుడు అడిగాడు. పక్షులలో ప్రధానమైన ఒత్తిడి హార్మోను కార్టికోస్టిరోనే కాబట్టి ఆ పొదుపు కుదరదు.

మార్చి 5

రంగునీళ్ళతో పిపెట్టు సాధన నడుస్తున్నది. ప్లేటులో 96 గుంటలు. ప్రోటీను ఎంతో ముందే తెలిసిన ప్రమాణ ద్రావణాలు ఏడు, ప్రోటీను లేని ఖాళీ ఒకటి, ఒక్కొక్కదానికి రెండేసి గుంటలు అంటే 16 పోయాయి. మిగిలిన 80లో నమూనాకు రెండు చొప్పున 40 కోళ్ళు పడతాయి. ఇక్కడి తాటాకు పాకలో 20, ఇదే జిల్లాలోని గుమ్మ వైపు రేకుల షెడ్డులో 20. రెండు చోట్లా ఉన్నవి వనరాజా పెట్టలే. హైదరాబాదు కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన రకం అది. జాతి ఒకటే కాబట్టి జాతి తేడా అన్న బెడద లేదు. రెండో కిట్టు సరిచూసుకోవడానికి. అంతకు మించి డబ్బు లేదు.

ఏప్రిల్ 21

తాటాకు పాకలో రక్తం తీశాము. తీసింది పశువైద్యురాలు, నేను గొట్టాలు పట్టుకున్నాను, అంతే. తెల్లవారుజామున గంప ఎత్తి ఒక్కొక్క పెట్టనే పైకి తీసి, రెక్క లోపలి నరం నుంచి ఒకటిన్నర మిల్లీలీటరు చొప్పున తీసుకున్నాము. కోడి బరువులో ఒక శాతం దాకా రక్తం తీసినా ప్రమాదం ఉండదని లెక్క. రెండు కిలోల పెట్టకు అది 20 మిల్లీలీటర్లు అవుతుంది గనుక మేము తీసింది అందులో పదోవంతైనా లేదు. ఈ లెక్క ఎంత చెప్పినా పాక యజమానురాలు మామ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు.

“ఏటి బాబూ, గుడ్డెట్టే పెట్టల్ని పట్టుకొని ఇలాగ పొడిసేత్తన్నారు? ఈ నెత్తురుతో ఏటి సేత్తారు?”

“ఎండ దెబ్బ ఎంత తగిలిందో చూస్తాం మామ్మా.”

“దానికి నెత్తురెందుకు? నోరు తెరిసి రొప్పుతాది, సూత్తే తెలీదా?”

ఆవిడ మాట కొట్టిపారేయదగినది కాదు. కోడికి చెమట గ్రంథులు లేవు. వేడిని దించుకోవడానికి రొప్పడమే దానికున్న పెద్ద దారి. అలా రొప్పి రొప్పి బొగ్గుపులుసు గాలిని అతిగా వదిలేయడం వల్ల రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది, గుడ్డు పెంకు పలచబడుతుంది. ఎండల్లో మామ్మ అమ్మే గుడ్లు చేతిలోనే చిట్లడానికి కారణం అది. రొప్పడాన్ని కళ్ళతో చూడవచ్చు గాని ఎంత అన్నది అంకెలో పెట్టడం కష్టమనే ఈ కిట్ల దారి పట్టాను.

గొట్టాలను ఇరవై నిమిషాల్లో ప్రయోగశాలకు చేర్చి, గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజులో తిప్పి సీరం వేరు చేశాను. ఇరవైకి ఇరవై నమూనాలూ పలచని పసుపు రంగులో ఉన్నాయి. మామ్మ పెట్టలకు ఆకుకూర బాగా వేస్తుంది, ఆ పసుపు దానిదే. మైనస్ 20 డిగ్రీల ఫ్రీజరులో పెట్టాను.

ఏప్రిల్ 24, గుమ్మ నుంచి తిరిగి వచ్చాక

షెడ్డు సవర ఊళ్ళో ఉంది. యజమానితో మాట్లాడడానికి ఆ ఊరి కుర్రవాడే ఒకడు నాకు సాయం. అతడు సవర భాషలోనూ ఒడియాలోనూ మాట్లాడితే నేను తెలుగులో రాసుకున్నాను. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర భాషకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు ఉంటే నాకు దుబాసీ అవసరం లేకుండా చేసేవారు. అయితే ఈ నోటుపుస్తకంలోని భాష ఇంత బిగుతుగా ఎందుకని ముందు నన్ను మందలించేవారు కూడా.

కొండ ఊరు గదా, చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. షెడ్డులో నా ఛాతీ ఎత్తున వేలాడదీసిన థర్మామీటరు మధ్యాహ్నం రెండు గంటలకు 40 దాటింది. పెట్టలు పగటిపూట బయట తిరుగుతున్నాయి. ఒక్కొక్కదాన్ని పట్టడానికి పరుగులు తీయవలసి వచ్చింది. కార్టికోస్టిరోను కొలతకు ఈ నమూనాలు పనికిరావని అక్కడే తేలిపోయింది. పట్టుకున్న మూడు నిమిషాలు దాటితే ఆ హార్మోను పెరగడం మొదలుపెడుతుంది, మేము కొన్నిటిని పది నిమిషాలు తరిమాము. హెచ్‌ఎస్‌పీ-70 అలా నిమిషాల మీద పెరిగేది కాదు కాబట్టి దాని వరకు ఫరవాలేదనుకున్నాను. కార్టికోస్టిరోను కిట్టును విప్పకుండా పక్కన పెట్టాను. రాత్రి గూట్లో నిద్రపోతున్న కోళ్ళను చప్పుడు లేకుండా తీసినప్పుడే దాన్ని విప్పాలి.

తిరుగు దారి ఆటోలో. రక్తపు గొట్టాలున్న పెట్టె నా ఒళ్ళోనే ఉంది. మలుపుమలుపుకూ అది ఎగిరెగిరి పడింది.

ఏప్రిల్ 25

గుమ్మ నమూనాల సీరం తీశాను. తొమ్మిదింటిలో సీరం లేత గులాబి, రెండింటిలో దానిమ్మ గింజ రంగు. గొట్టాల మీద సాయం చేసిన కుర్రవాడు ఒడియా అంకెలు వేశాడు, తడికి రెండు అలుక్కుపోయాయి. వరుస క్రమాన్ని బట్టి పోల్చుకోగలిగాను. ఇకమీదట అందరమూ 1, 2, 3 అంకెలే రాయాలని, కాలి రింగు నంబరే గొట్టానికీ ఉండాలని నిర్ణయం. రంగు సంగతి నోటుపుస్తకంలో రాసి ఊరుకున్నాను.

మే 3

మొదటి ప్లేటు పూర్తయింది. ప్రమాణ ద్రావణాల రంగును బట్టి గీసే ప్రమాణ రేఖ చక్కగా కుదిరింది. చుక్కలను స్కేలు పెట్టి కలపకూడదు, అడుగునా పైనా వంగే నాలుగు పరామితుల వక్రరేఖనే అమర్చాలి. సరళరేఖ గీస్తే నడుమ నమూనాలు బాగానే ఉంటాయి గాని తక్కువ ప్రోటీను ఉన్నవాటి అంకెలన్నీ తప్పుతాయి.

ఫలితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రేకుల షెడ్డు కోళ్ళ సగటు తాటాకు పాక కోళ్ళ సగటుకు రెట్టింపు దాటింది. రాత్రి మా గైడు గారికి ఫోను చేసి చెప్పాను. ఆయన సంతోషించి, “అన్ని కోళ్ళూ ఎక్కువ చూపించాయా, కొన్నేనా?” అని మాత్రం అడిగారు.

మే 4

కొన్నే. ఇరవైలో పదకొండు. ఆ పదకొండూ ఏవో చూడడానికి ఏప్రిల్ 25 నాటి పేజీ తిప్పితే గులాబివి తొమ్మిదీ, దానిమ్మ రంగువి రెండూ. మిగిలిన తొమ్మిది కోళ్ళూ మామ్మ పెట్టలతో ఇంచుమించు సమానంగా ఉన్నాయి.

మే 5

మనుషుల రక్తంతో పనిచేసి వచ్చినవాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. మన ఎర్రకణానికి కేంద్రకం ఉండదు. కోడి ఎర్రకణానికి ఉంటుంది. అంటే అది ఉత్త హిమోగ్లోబిన్ సంచి కాదు. వేడి తగిలితే తానే ఒత్తిడి ప్రోటీన్లను తయారుచేసుకునే సత్తా ఉన్న పూర్తి కణం. హెచ్‌ఎస్‌పీ-70 ఉండేదే ప్రధానంగా కణాల లోపల, సీరంలో ఉండేది చాలా కొద్ది. ఆటో కుదుపులకు కణాలు చిట్లితే లోపలిదంతా సీరంలోకి వస్తుంది, ఆ గులాబి రంగు దానివల్లనే. నేను కొలిచింది రేకుల వేడినా, దారి కుదుపునా?

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. హిమోగ్లోబిన్‌కు కొద్దిగా పెరాక్సిడేజు గుణం ఉంది. కిట్టులోని ఎంజైము చేసే పనినే అది కూడా చేసి టీఎంబీని నీలం చేయగలదు. కడగడం సరిగా లేకపోతే గుంటలో మిగిలిన హిమోగ్లోబినే నాకు ప్రోటీను వేషంలో కనిపించి ఉండవచ్చు.

మూడో తప్పు పూర్తిగా నాదే. ప్లేటులో ఎడమ సగం మామ్మ కోళ్ళకు, కుడి సగం గుమ్మ కోళ్ళకు కేటాయించాను. చివరి వరుస గుంటలు నడిమి వాటికన్నా త్వరగా వేడెక్కుతాయి, ఎక్కువ ఆవిరి కోల్పోతాయి. రెండు గుంపులనూ కలగలిపి పోసి ఉండవలసింది.

మే 19

రెండో కిట్టు ప్లేటు ఎనిమిదేసి గుంటల పన్నెండు పట్టీలుగా విడిపోతుంది, ప్రమాణ ద్రావణం సీసాలు రెండు ఇచ్చారు. అంటే రెండు దఫాలు, దఫాకు ఆరు పట్టీలు. మొదటి దఫాలో ప్రమాణాలు పోగా 32 గుంటలు, అంటే పదహారు ప్రశ్నలకు చోటు. కాగితం మీద ప్రశ్నలు ఎంచడానికే నాలుగు రోజులు పట్టింది.

మొదటివి చిట్లిన రక్తం గురించి. మామ్మ పెట్ట నుంచి కొత్తగా తీసిన శుభ్రమైన సీరంలో, అదే పెట్ట ఎర్రకణాలను ఫ్రీజరులో మంచులా గడ్డకట్టించి కరిగించి చిట్లగొట్టిన రసాన్ని అసలు కలపకుండా ఒకటి, కొద్దిగా, మధ్యస్థంగా, ఎక్కువగా కలిపి మూడు. అన్నిటికన్నా ఎర్రగా ఉన్నదాన్నే ఇంకో జత గుంటల్లో పోసి, అక్కడ రెండవ ప్రతిరక్షకాన్నీ ఎంజైమునూ వేయకుండా బఫరు (అవేవీ లేని ఉత్త ద్రావణం) మాత్రమే వేయడం. ఆ జతలో రంగు వస్తే దోషం హిమోగ్లోబిన్‌దని అర్థం.

తర్వాతివి కిట్టు నిజంగా వేడిని గుర్తిస్తుందా అన్నదానికి. ఒకే పెట్ట రక్తాన్ని భాగాలు చేసి ఒకటి మామూలు వేడిలో, ఒకటి 44 డిగ్రీలలో గంటసేపు ఉంచి, మళ్ళీ మామూలు వేడికి తెచ్చి కొన్ని గంటలు ఆగి, కణాలను కడిగి చిట్లగొట్టి కొలవడం. మామూలు వేడి అని 37 రాసుకున్నాను. పశువైద్యురాలు ఆ కాగితం చూసి నవ్వారు. “మీకు 37 మామూలు. కోడికి 41. మీరు దాన్ని చలిలో పెట్టి మామూలు అంటున్నారు.” ప్రయోగశాలలో అన్ని ఇంక్యుబేటర్లూ 37 దగ్గర ఉండడం చూసి చూసి, అది ప్రకృతి నియమమన్నట్లు రాసేశాను. తీసేయకుండా 37, 41, 44 మూడూ పెట్టాను.

మిగిలినవి తిరిగి రాబట్టే పరీక్షకు. ప్రోటీను ఎంతో తెలిసిన ప్రమాణ ద్రావణాన్ని సీరంలో కలిపి, కిట్టు దాన్ని ఎంత మేరకు తిరిగి చూపుతుందో చూడాలి. 80 నుంచి 120 శాతం మధ్య వస్తే సరేననుకుంటారు. కలపని సీరం, కలిపిన సీరం, ఒక్కొక్కదాన్ని నేరుగా, రెండింతలు, నాలుగింతలు పలచన చేసి.

మే 28, రోహిణి కార్తె

రోళ్ళు పగిలే ఎండ అన్నది పుస్తకాల్లో మాట కాదు. గది లోపలే 36 డిగ్రీలు. కిట్టు కాగితంలో గది వేడి అంటే 25 అని ఉంది. నిన్నటి ప్రయత్నం వృథా కాకపోవడానికి కారణం కరెంటు పోయే వేళలు మాకు కంఠతా రావడమే. కడుగుడు యంత్రాన్ని నమ్ముకోకుండా ఎనిమిది మొనల పిపెట్టుతో చేత్తోనే కడిగాను. టీఎంబీ పోశాక కాగితంలో రాసినంతసేపు ఆగితే ఈ వేడికి పై ప్రమాణాలు చిక్కబడిపోయి చదవడానికి వీలు కాకపోయేవి, కాబట్టి నీలం చూసుకుంటూ ముందే ఆమ్లం పోశాను. ప్రమాణాలూ నమూనాలూ ఒకే ప్లేటులో ఉన్నాయి గనుక ఇలా ఆపడంలో తప్పు లేదు.

ఫలితాలు. చిట్లిన కణాల రసం పెరిగిన కొద్దీ పసుపు మెట్లు మెట్లుగా చిక్కబడింది. కంటికి లేత గులాబిగా కనిపించే మోతాదుకే అంకె శుభ్రమైన సీరం కన్నా స్పష్టంగా పైకి పోయింది. ప్రతిరక్షకం వేయని జత మాత్రం ఖాళీ గుంటలంత తెల్లగా ఉంది. కాబట్టి హిమోగ్లోబిన్ నిర్దోషి. కిట్టు పట్టుకున్నది అసలైన ప్రోటీనునే, అయితే అది ఎండకు పుట్టి సీరంలోకి చేరినది కాదు, పెట్టెలో చిట్లిన కణాలది. ఇది కిట్టు తప్పు కాదు. అడిగినదానికి అది జవాబు చెప్పింది. నేను అడిగిన ప్రశ్న వేరు, అందించిన నమూనా వేరు.

వేడి పరీక్షలో 37, 41 ఇంచుమించు ఒకటిగా ఉన్నాయి, 44 వాటికన్నా పైన నిలిచింది. కిట్టు పనిచేస్తున్నదన్న ధైర్యం నాకు ఈ ఒక్క వరుస వల్లనే కలిగింది.

తిరిగి రాబట్టే పరీక్షలో నేరుగా పోసిన సీరం కలిపినదానిలో సగమే చూపింది. సీరంలోని మరేదో ప్రతిరక్షకానికి అడ్డుపడుతున్నది. నాలుగింతలు పలచన చేస్తే దాదాపు అంతా తిరిగి వచ్చింది. మొదటి ప్లేటులో నేరుగా పోసినవన్నీ, గులాబి రంగు లేనివి కూడా, ఈ లెక్కన తక్కువ చూపించినవే. మే 3 నాటి పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డుగీత గీశాను. గైడు గారికి మళ్ళీ ఫోను చేయవలసి వచ్చింది. ఆయన అరనిమిషం మాట్లాడలేదు. తర్వాత, “రెండో దఫా నమూనాలు ఎండలు పోకముందే తీయండి,” అన్నారు.

జూన్ 2

మళ్ళీ రెండు చోట్లా రక్తం తీశాము, ఈసారి చోటుకు ఎనిమిది పెట్టలే. రక్తాన్ని ప్రయాణం చేయించలేదు. గుమ్మలోనే గొట్టాలను నీడన ఏటవాలుగా ఆనించి గడ్డకట్టనిచ్చి, పైకి తేలిన సీరాన్ని పిపెట్టుతో మెల్లగా తీసి, ఐసు నింపిన ఫ్లాస్కులో సీరం మాత్రమే తెచ్చాము. తాటాకు పాకలోనూ, ప్రయోగశాల పక్కనే ఉన్నా, అదే పద్ధతి పాటించాము. మామ్మ ఈసారి తానే గంప ఎత్తింది.

“తేలిందా బాబూ, మా పెట్టలకి ఎండ తగిలిందో లేదో?”

“ఇంకా తేలలేదు మామ్మా.”

“నేను ముందే సెప్పినాను గదా,” అని లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చింది.

ప్రతి సీరాన్నీ కొద్దిగా పలచన చేసి, ఉత్త ప్లేటులో 540 నానోమీటర్ల ఫిల్టరుతో చదివాను. చిట్లిన రక్తపు ఎరుపు అక్కడ తెలుస్తుంది, ఆకుకూర పసుపు అక్కడ అడ్డు రాదు. గులాబి అన్న మాట కంటిచూపును బట్టి మారుతుంది, అంకె మారదు. పదహారూ శుభ్రంగానే ఉన్నాయి.

జూన్ 16

చివరి ఆరు పట్టీలు అయిపోయాయి. సీరాలన్నీ నాలుగింతలు పలచన చేసినవే, రెండు చోట్లవీ ఒకటి విడిచి ఒకటిగా పోశాను. రెట్టింపు తేడా మాయమైంది. పదహారు పెట్టల అంకెలూ దాదాపు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, రేకుల షెడ్డువి మూడు తప్ప. ఆ మూడూ మిగిలినవాటి నుంచి ఎడంగా పైన నిలిచాయి. వాటి జత గుంటలు కూడా ఒకదానితో ఒకటి సరిగ్గా సరిపోయాయి, ఎరుపు అంకెలోనూ దోషం లేదు. పదహారు కోళ్ళతో, అందులో మూడింటితో ఏ నిర్ణయమూ రాయకూడదని తెలుసు కాబట్టి కాలి రింగుల నంబర్లు మాత్రం రాసి గుమ్మ కుర్రవాడికి ఫోనులో చదివాను.

అతడు సాయంత్రం షెడ్డుకు వెళ్ళి చూసి చెప్పాడు. ఆ మూడు పెట్టలూ అన్నిటికన్నా పై దూలం మీద, రేకు వీపుకు తగిలేంత ఎత్తున వాలుతున్నాయట. మధ్యాహ్నం నీడకు వచ్చినప్పుడు కూడా అక్కడికే ఎక్కుతాయట. నా థర్మామీటరు ఛాతీ ఎత్తున ఉంది, దూలం దానికి మూరన్నర పైన.

థర్మామీటర్లు రెండు కొన్నాను. ఒకటి పాత చోటనే ఉంటుంది, రెండోది రేపు అతడు ఆ దూలానికి కడతాడు. కార్టికోస్టిరోను కిట్టు గడువు డిసెంబరు దాకా ఉంది.